కోయంబత్తూరు మోటారు వెనుక ఉన్న మనుషులు

"కోయంబత్తూరు పారిశ్రామికవేత్తలంటే ఎవరిని అడిగినా జి.డి. నాయుడు పేరు చెప్పి ఆగిపోతున్నారు. ఆయన కాక తెలుసుకోవలసినవాళ్లు ఇంకెవరు? వాళ్లలో చాలామంది తెలుగువాళ్లని వింటున్నాం, నిజమేనా? అక్కడికి వెళితే ఏం చూడాలి?" అని మీరు అడిగారు. నేను 1986 నుంచి పల్నాడులో వ్యవసాయ మోటార్లు, పంపులు అమ్ముతూ, కాలిపోయినవాటికి వైండింగ్, అంటే లోపలి రాగి తీగను మళ్లీ చుట్టే పని, చేస్తూ బతుకుతున్నవాణ్ని. ముప్ఫై ఏళ్లకు పైగా ఏడాదికి రెండు మూడుసార్లు సరుకు కోసం కోయంబత్తూరు వెళ్లాను. నా చేతుల మీదుగా వెళ్లిన మోటార్లలో ఎక్కువ భాగం ఆ ఊరివే. అందుకని కొంచెం వివరంగానే రాస్తున్నాను, ఓపికగా చదవండి.

మనుషుల కన్నా ముందు ఆ నేల గురించి చెప్పాలి. పడమటి కనుమలకు ఇవతల, వానచాటున ఉన్న ప్రాంతం అది. నల్లరేగడిలో పత్తి బాగా పండుతుంది కానీ నీళ్లకు కటకట. నొయ్యల్ అనే చిన్న నది తప్ప చెప్పుకోదగ్గ ఆధారం లేదు. రైతులు రాతిని తొలుచుకుంటూ లోతైన బావులు దింపి, ఎద్దులతో మోట తోలి నీళ్లు తోడేవారు. మోట ఎంత చాకిరో మన పెద్దవాళ్లకు తెలుసు. ఒక జత ఎద్దులు, ఒక మనిషి తెల్లవారుజామున మొదలుపెడితే పొద్దెక్కేసరికి తడిసేది కాస్తంత మడి. పత్తి వల్ల ఆ ఊరికి మిల్లులు వచ్చాయి, లోతు బావుల వల్ల పంపులు వచ్చాయి. ఈ రెండూ పట్టుకుంటే మిగతా కథంతా వరుసగా అర్థమవుతుంది.

మొదటి మిల్లు పెట్టింది ఇంగ్లీషువాడు. రాబర్ట్ స్టేన్స్ 1841లో పుట్టాడు, కుర్రతనంలోనే ఇటు వచ్చి కాఫీ వ్యాపారంలో స్థిరపడ్డాడు. 1862లో బడి పెట్టాడు, ఇప్పటికీ స్టేన్స్ స్కూలు అంటే కోయంబత్తూరులో తెలియనివారు లేరు. 1888లో కోయంబత్తూరు స్పిన్నింగ్ అండ్ వీవింగ్ మిల్లు మొదలైంది. ఆ ప్రయత్నంలో ఆయన పక్కన నిలబడినవారిలో సేలం పగడాల నరసింహులు నాయుడు ఒకరు. ఇంటిపేరు చూడగానే తెలుగు కుటుంబంవాడని తెలుస్తుంది. 1854లో పుట్టి 1922లో పోయిన ఈయన పత్రికా సంపాదకుడు, తమిళంలో రచయిత, ముద్రాపకుడు. ఊరికి తాగునీరు శిరువాణి కొండల నుంచి తేవాలని 1889లోనే పోరు మొదలుపెట్టాడు. ఆ నీళ్లు ఊళ్లోకి వచ్చేసరికి ఆయన లేడు. పారిశ్రామికవేత్తల జాబితాల్లో ఈయన పేరు ఎవరూ రాయరు. కానీ ఊరికి మిల్లు కావాలి, నీళ్లు కావాలి అని ముందుగా కాగితం మీద రాసి, పదిమందినీ కూడగట్టినవాణ్ని వదిలేసి మిగతావాళ్ల గురించి చెప్పడం నాకు మనస్కరించదు.

స్టేన్స్ మిల్లు చూసి, మనమూ పెట్టగలం అనుకున్న రైతు కుటుంబాలు ముందుకు వచ్చాయి. పాపనాయకన్‌పాళయానికి చెందిన జి. కుప్పుస్వామి నాయుడు పత్తి జిన్నింగుతో, అంటే దూది నుంచి గింజ వేరుచేసే పనితో, మొదలై 1910లో లక్ష్మీ మిల్స్ స్థాపించారు. ఇక్కడొక సంగతి గమనించాలి. వీళ్లకు పత్తి అంటే కాగితం మీది ధర కాదు. గింజ నాటిన దగ్గర్నుంచి బేలు కట్టేదాకా చేత్తో పట్టుకుని చూసిన సరుకు. దూది పోగును రెండు బొటనవేళ్ల మధ్య లాగి, పింజ పొడుగెంతో, ఏ కౌంటు నూలుకు, అంటే ఎంత సన్నటి నూలుకు, పనికొస్తుందో చెప్పగలిగేవారు. మదుపు పెట్టినవాడికి ముడిసరుకు తెలిసి ఉండటం అన్నది ఆ ఊరి తొలితరం మిల్లుల బలం.

తరువాతి మలుపు నీలగిరి కొండల్లోంచి దిగింది. పైకారా జలవిద్యుత్ కేంద్రం 1932లో కరెంటు ఇవ్వడం మొదలుపెట్టింది. అంతవరకూ ఆవిరి ఇంజన్ల మీద, ఆయిలు ఇంజన్ల మీద నడిచిన మిల్లులకు చవకగా కరెంటు వచ్చింది. ఆ దశాబ్దంలో అక్కడ మిల్లులు ఒకదాని వెనుక ఒకటి లేచాయి. 1933లో దక్షిణ భారత మిల్లుల సంఘం కోయంబత్తూరులోనే ఏర్పడిందంటే ఎంత వేగంగా పెరిగాయో ఊహించుకోవచ్చు. కరెంటు తీగ మిల్లు దాటి పొలం గట్టు మీదికి వచ్చాక రైతుకు ఒక ఆలోచన తట్టింది. ఎద్దులు తోడే నీళ్లు మోటారు తోడలేదా? అయితే ఆ మోటారు విదేశం నుంచి రావాలి. ఖరీదు ఎక్కువ, చెడిపోతే బాగుచేసే దిక్కు లేదు.

ఇప్పుడు జి.డి. నాయుడు దగ్గరికి వద్దాం. గోపాలస్వామి దొరైస్వామి నాయుడు 1893 మార్చి 23న కలంగల్ అనే పల్లెలో పుట్టారు. బడికి వెళ్లింది మూడో తరగతి దాకానే. ఒక ఆంగ్ల అధికారి నడిపే రడ్జ్ మోటారు సైకిలును చూసి, అది తనకు కావాలని పట్టుబట్టారు. కోయంబత్తూరు వచ్చి హోటల్లో సర్వరుగా పనిచేసి, డబ్బు కూడబెట్టి, చివరికి దాన్ని కొన్నారు. కొన్న తరువాత చేసిన మొదటి పని దాన్ని పూర్తిగా ఊడదీసి మళ్లీ బిగించడం. మా వైండింగ్ షాపులో కుర్రవాళ్లకు నేను ఈ ఒక్క సంగతే పదే పదే చెప్పేవాణ్ని. ఊడదీయడానికి ధైర్యం చాలు, బిగించడానికి జ్ఞాపకం, ఓర్పు, చేతి శుభ్రత కావాలి. ఏ వాషరు ఏ బోల్టు కింద ఉందో చూసుకోనివాడు మళ్లీ బిగించలేడు.

1920లో ఆయన ఒక బస్సు కొని పొల్లాచి నుంచి పళనికి తానే నడిపారు. కొన్నేళ్లలో అది యు.ఎం.ఎస్. అనే పెద్ద సంస్థ అయింది. 1933 నాటికి ఆయన చేతికింద 280 బస్సులున్నాయంటారు. బస్సు వేళకు రావడం అన్నది ఆ రోజుల్లో వింత. మామూలు జనం యు.ఎం.ఎస్. బస్సును చూసి గడియారం సరిచేసుకునేవారని అక్కడి ముసలివాళ్లు ఇప్పటికీ చెబుతారు. బస్సులు నడపాలంటే మరమ్మతు షెడ్డు కావాలి, షెడ్డుకు పనివాళ్లు కావాలి. ఆ పనివాళ్లను ఆయన తయారు చేసుకున్నారు. ఆయన చుట్టూ ఒక తరం మెకానిక్కులు పుట్టుకొచ్చారు. ఆయన చేసినవాటిలో నా దృష్టికి ఇదే పెద్దది. సన్నటి బ్లేడు, బ్యాటరీతో నడిచే షేవింగ్ రేజరు, కిరోసిన్‌తో నడిచే ఫ్యాను, పళ్లరసం తీసే యంత్రం, ఓట్లు నమోదు చేసే యంత్రం వంటివి అందరూ వరుసగా ఏకరువు పెడతారు, అవన్నీ మెచ్చుకోదగ్గవే. అయినా వాటిని మ్యూజియంలో చూడవలసిందే. ఆయన నేర్పిన పనివాళ్ల పని మాత్రం ఇంకా ఊళ్లో నడుస్తోంది.

1945లో ఆయన చొరవతో ఆర్థర్ హోప్ పాలిటెక్నిక్, ఆ వెంటనే ఇంజనీరింగ్ కళాశాల మొదలయ్యాయి. ఆర్థర్ హోప్ అప్పటి మద్రాసు గవర్నరు. ఇంజనీరింగు నేర్పడానికి నాలుగేళ్లు అక్కరలేదు, చేత్తో పని చేయిస్తే రెండేళ్లు చాలు అని ఆయన వాదన. ప్రభుత్వం ఒప్పుకోలేదు, ఆయన తప్పుకున్నారు. ఆ కళాశాలే తరువాత చోటు మారి ప్రభుత్వ సాంకేతిక కళాశాల అయింది. మూడో తరగతితో ఆగినవాడు ఇంజనీర్లకు చదువు చెప్పించే పద్ధతి మీద ప్రభుత్వంతో తలపడ్డాడు. ఆయన వాదన పూర్తిగా సరైనదని నేను అనను. లెక్కలు, పదార్థాల బలం, విద్యుత్ శాస్త్రం రెండేళ్లలో తలకెక్కవు. కానీ నాలుగేళ్లు చదివి, చేతికి మసి అంటని పిల్లలు మా షాపుకు ఉద్యోగానికి వచ్చినప్పుడల్లా ఆయన కోపం ఎందుకో నాకు తెలిసింది.

1952లో ఆయన రెండు వేల రూపాయల ఖర్చులో ఇద్దరు కూర్చునే పెట్రోలు కారు తయారు చేయించారు. లైసెన్సు ఇవ్వలేదు, కారు రోడ్డెక్కలేదు. పన్నుల మీద, లైసెన్సుల మీద విసిగిపోయి తన వస్తువులను బహిరంగంగా పగలగొట్టించిన మనిషి ఆయన. 1974 జనవరి 4న కన్నుమూశారు. 2025 అక్టోబరులో అవినాశి రోడ్డు మీద ప్రారంభమైన పది కిలోమీటర్ల పైవంతెనకు ఆయన పేరు పెట్టారు. అది కులం పేరు కాబట్టి ఆ పేరులో 'నాయుడు' ఉండాలా వద్దా అని పెద్ద చర్చ నడిచింది. ఆ మాట తీసేస్తే అక్కడివారికి ఆయన ఎవరో తెలియదు, వాళ్లు ఆయన్ను పిలిచిందే అలా.

ఇక నేను ముఖ్యంగా చెప్పాలనుకున్న మనిషి డి. బాలసుందరం నాయుడు. 1937లో కోయంబత్తూరు పక్కనున్న పీలమేడులోని జి.డి. నాయుడు కర్మాగారం, నేషనల్ ఎలక్ట్రిక్ వర్క్స్ నుంచి మన దేశంలో తయారైన తొలి ఎలక్ట్రిక్ మోటారు బయటికి వచ్చింది. దాని రూపకల్పన వెనుక ఉన్నది బాలసుందరం. మోటారు చేయడమంటే ఏమిటో ఒక్కసారి దగ్గరగా చూడండి, అప్పుడు ఆయన విలువ తెలుస్తుంది. స్టేటరులో, అంటే మోటారులో కదలకుండా ఉండే భాగంలో, పల్చటి ఉక్కు రేకులు వందల్లో పేర్చాలి, ప్రతి రేకుకూ కోసిన గాళ్లు ఒక దాని కింద ఒకటి వెంట్రుకవాసి తేడా లేకుండా రావాలి. ఆ గాళ్లలో రాగి తీగ చుట్టలు దింపాలి. తీగ మీది పూత ఒక్కచోట గోకుకుపోయినా మూడు నెలల్లో కాలిపోతుంది. చుట్టలు దింపాక వార్నిషు పట్టించి పొయ్యిలో ఆరబెట్టాలి. మధ్యలో తిరిగే రోటరుకూ స్టేటరుకూ మధ్య ఖాళీ అర మిల్లీమీటరు కూడా ఉండదు. బేరింగు కాస్త అరిగి రోటరు వంగితే గీసుకుపోతుంది. ఇవన్నీ కొలిచే పరికరాలు కూడా సరిగా దొరకని రోజుల్లో, అచ్చులూ డైలూ తామే చేసుకుని, ఒక పల్లె అంచున ఉన్న షెడ్డులో చేశారు. నేను వేలకొద్దీ స్టేటర్లు విప్పి చుట్టినవాణ్ని. 1937లో వాళ్లు చేసిన పనికి నేను చెయ్యెత్తి దండం పెడతాను.

బాలసుందరం అక్కడితో ఆగలేదు. టెక్స్‌టూల్ అనే సంస్థ పెట్టి, నూలు మిల్లులకు కావలసిన యంత్రాలను ఇక్కడే తయారు చేయించారు. అంతవరకూ ఒక పళ్లచక్రం విరిగినా ఇంగ్లండుకు ఉత్తరం రాసి నెలల తరబడి ఎదురుచూడవలసి వచ్చేది. ఆ ఊళ్లో యంత్రాల తయారీ మొదలైందే ఇలా, విరిగిన భాగానికి బదులు భాగం చేయడంతో. కుప్పుస్వామి నాయుడి కుమారుడు జి.కె. దేవరాజులు 1962లో లక్ష్మీ మెషీన్ వర్క్స్ స్థాపించి, స్విట్జర్లాండు సంస్థ రీటర్ సాంకేతిక సహకారంతో వడుకు యంత్రాలు చేయించారు. తండ్రి యంత్రాలు కొని మిల్లు నడిపాడు, కొడుకు ఆ యంత్రాలనే చేసి ఇతర మిల్లులకు అమ్మాడు. మన గుంటూరు ప్రాంతపు నూలు మిల్లుల్లో కూడా ఆ పేరున్న యంత్రాలు మీకు కనిపిస్తాయి.

పి.ఎస్.జి. అన్నదమ్ముల గురించి చెప్పకపోతే ఈ సమాధానమే దండగ. పి.ఎస్. గోవిందస్వామి నాయుడు పీలమేడు రైతు, పత్తి వ్యాపారి. ఆయనకు నలుగురు కొడుకులు: వెంకటస్వామి, రంగస్వామి, గంగా, నారాయణస్వామి. ఆస్తి పంచుకునేటప్పుడు నాలుగు వాటాలు కాకుండా ఐదు వేశారు. ఐదో వాటా ధర్మానికి. 1926లో రూ. 2,01,000 మూలధనంతో పి.ఎస్.జి. అండ్ సన్స్ చారిటీస్ ట్రస్టు ఏర్పడింది. అంతకు రెండేళ్ల ముందే పెట్టిన బడి పేరు సర్వజన పాఠశాల. ఎవరి పిల్లలైనా రావచ్చన్నది ఆ పేరులోనే ఉంది, 1924లో ఆ మాట అనడం తేలిక కాదు.

దానం చేసినవాళ్లు మనకూ ఉన్నారు. సత్రాలు కట్టించారు, గుళ్లకు మాన్యాలిచ్చారు, కాలేజీలూ పెట్టారు. పి.ఎస్.జి. వాళ్లు చేసినదాంట్లో ప్రత్యేకత ఏమిటంటే, ఇండస్ట్రియల్ ఇన్‌స్టిట్యూట్ పేరుతో బడి పక్కనే కార్ఖానా పెట్టారు. అక్కడ పోత పోసిన ఇనుము, చేసిన మోటారు, పంపు బజారులో అమ్ముడయ్యేవి. నేర్చుకునేవాడు చెక్క బొమ్మ మీద కాకుండా రైతు డబ్బిచ్చి కొనే సరుకు మీద చెయ్యి పెట్టేవాడు. పని పాడైతే నష్టం కళ్ల ముందు కనిపిస్తుంది. 1951లో వచ్చిన పి.ఎస్.జి. సాంకేతిక కళాశాల ఆ కార్ఖానా ఒడిలోనే పెరిగింది. దాని తొలి ప్రిన్సిపాలు జి.ఆర్. దామోదరన్ అన్నదమ్ముల తరువాతి తరం మనిషి. ఆయన 'కలైక్కదిర్' అనే తమిళ విజ్ఞాన మాసపత్రిక నడిపారు, పార్లమెంటు సభ్యుడయ్యారు, మద్రాసు విశ్వవిద్యాలయానికి ఉపకులపతి కూడా అయ్యారు. తల్లిభాషలో శాస్త్రం చెప్పకపోతే చేతిపనివాడికి శాస్త్రం అందదని ఆయన నమ్మకం. ఇంట్లో తెలుగు మాట్లాడే కుటుంబం నుంచి వచ్చి తమిళంలో విజ్ఞాన పత్రిక నడిపిన ఆయనను తలచుకున్నప్పుడల్లా నాకు మన తెలుగులో అలాంటి పత్రిక ఒక్కటి నిలబడి ఉంటే ఎంత బాగుండేదో అనిపిస్తుంది.

అదే కుటుంబానికి చెందిన జి.ఆర్. గోవిందరాజులు తన తల్లి కృష్ణమ్మాళ్ పేరుతో 1963లో స్త్రీల కళాశాల స్థాపించారు. ఇప్పటికీ పీలమేడు బస్టాపులో ఉదయం వేళ ఆ కాలేజీ అమ్మాయిలే ఎక్కువ కనిపిస్తారు.

ఈ పెద్ద పేర్ల కింద ఎక్కని చిన్న పేర్లు వేలల్లో ఉన్నాయి. వాళ్లు లేకుండా కోయంబత్తూరు లేదు. 1988లో అనుకుంటాను, గణపతి అనే పేటలో ఒక పోత కార్ఖానాకు వెళ్లాను. ముందు గదిలో ఇల్లు, వెనుక కార్ఖానా. నల్లటి తడి ఇసుకలో బంకమట్టి కలిపి, చెక్క అచ్చును అందులో పెట్టి, చుట్టూ కూరి, అచ్చును పైకి తీస్తే ఇసుకలో పంపు గుల్ల ఆకారం మిగులుతుంది. కోక్ మండే కొలిమిలోంచి కరిగిన ఇనుమును ఇద్దరు మనుషులు పొడుగు కాడ గరిటెతో మోసుకొచ్చి, ఒక్క తీరుగా, ఆపకుండా పోస్తున్నారు. మధ్యలో ఆగితే పొర పడుతుంది, గబగబా పోస్తే ఇసుక కొట్టుకుపోతుంది. ఆ కార్ఖానా పెద్దాయన చల్లారిన గుల్లలను వరుసగా పేర్పించి, చిన్న సుత్తితో ఒక్కొక్కదాన్ని తట్టుకుంటూ పోయారు. గంటలా మోగితే ఒక పక్కకు, మొద్దుగా పలికితే ఇంకో పక్కకు. నలభై గుల్లల్లో మూడింటిని పక్కన పడేయించారు. నాకు వాటిలో లోపమేమీ కనిపించలేదు. ఆయన ఒకదాన్ని తీసి, అంచు మీద సుద్దపొడి రాసి, కిరోసిన్ తడిపిన గుడ్డతో లోపలి నుంచి తుడిచారు. కాసేపటికి తెల్లటి సుద్ద మీద వెంట్రుకంత నల్లటి గీత పైకి తేలింది.

ఆయన నాతో మాట్లాడింది తెలుగులోనే. నేను పల్నాడు అనగానే లోపలికి కేకేసి కాఫీ తెప్పించారు. తెలుగు రాయడం, చదవడం ఆయనకు రాదు. వాళ్ల ఇంట్లో ఎవరికీ రాదు. అయినా మనవరాలికి అన్నం తినిపిస్తూ ఆయన భార్య పాడిన పాట తెలుగే. మీ రెండో ప్రశ్నకు నా జవాబు ఇక్కడ మొదలవుతుంది. విజయనగర రాజుల కాలంలో, ఆ తరువాత మదురై నాయకుల కాలంలో దక్షిణానికి వెళ్లి స్థిరపడిన కుటుంబాలు ఇవి. జి.డి. నాయుడు, కుప్పుస్వామి నాయుడు, పి.ఎస్.జి. అన్నదమ్ములు, బాలసుందరం, వీరంతా తెలుగు మాట్లాడే ఇళ్లలో పుట్టినవారు. కానీ మనం వాళ్లను 'మనవాళ్లు' అని ఎత్తుకుపోవడం సరికాదు. వాళ్ల బడి, వ్యాపారం, పత్రిక, రాజకీయం అన్నీ తమిళనేల మీద పెరిగినవే. నాలుగైదు వందల ఏళ్లుగా ఆ నేల వాళ్లది. తెలుగు వాళ్ల ఇంటి భాష, అంతవరకూ సంతోషించి ఊరుకోవడం మర్యాద.

పైగా ఊరు ఒక్క వర్గం కట్టింది కాదు. ఆర్.కె. షణ్ముగం చెట్టి కోయంబత్తూరులో 1892లో పుట్టారు, స్వతంత్ర భారతానికి తొలి ఆర్థికమంత్రి అయ్యారు. 1947 నవంబరు 26న తొలి బడ్జెట్టు చదివింది ఆయనే. పొల్లాచికి చెందిన ఎన్. మహాలింగం తండ్రి నాచిముత్తు గౌండర్ ఇచ్చిన రవాణా వ్యాపారాన్ని చక్కెర మిల్లుల దాకా పెంచి శక్తి గ్రూపును నిలబెట్టారు, 2007లో పద్మభూషణ్ అందుకున్నారు. సామికణ్ణు విన్సెంట్ రైల్వే గుమాస్తా. 1905లో ఒక ఫ్రెంచివాడి దగ్గర సినిమా యంత్రం కొని, డేరా వేసుకుని ఊరూరా తిరిగి బొమ్మలు చూపించారు. 1914లో కోయంబత్తూరులో వెరైటీ హాలు కట్టారు. సినిమా సంగతి వచ్చింది కాబట్టి ఒక్క మాట. ఎస్.ఎం. శ్రీరాములు నాయుడు 1945లో అక్కడ పక్షిరాజా స్టూడియో పెట్టారు. మన ఎన్.టి. రామారావు, భానుమతి నటించిన 'అగ్గిరాముడు' 1954లో ఆయన దర్శకత్వంలో వచ్చిందే.

మీ ఇంట్లో ఇడ్లీ, దోసె పిండి రుబ్బే గ్రైండరు కూడా ఆ ఊరిదే. పి. సభాపతి అనే ఆయన 1955లో రుబ్బురోలుకు మోటారు తగిలించారు. మిల్లులో మిగిలిన విద్య వంటింట్లోకి వచ్చిందన్నమాట. మన ఆడవాళ్లు రుబ్బురోలు ముందు పొత్రం తిప్పుతూ గడిపిన గంటలెన్నో లెక్కగడితే, ఆయనకు ఏ పురస్కారమూ చాలదు. కోయంబత్తూరు వెట్ గ్రైండరుకు భౌగోళిక గుర్తింపు కూడా ఇచ్చారు. ఆ వరుసలోనే ఇటీవలి మనిషి అరుణాచలం మురుగానందం. వెల్డింగు షాపులో పనిచేసినవాడు. భార్య పాతగుడ్డలు వాడటం చూసి, శానిటరీ న్యాప్కిన్లు చవకగా తయారు చేసే చిన్న యంత్రం చేశారు. ఆ యంత్రాన్ని పెద్ద కంపెనీకి అమ్ముకోకుండా మహిళా సంఘాలకు ఇచ్చారు. 2016లో పద్మశ్రీ వచ్చింది. పెద్ద కర్మాగారం చేసే పనిని నాలుగు చిన్న యంత్రాలుగా విడగొట్టి, ఒక గదిలో పట్టేలా చేయడం ఆ ఊరి వర్క్‌షాపుల్లో పెరిగినవాడికి తట్టే ఆలోచన.

శాంతి గేర్స్ స్థాపించిన పి. సుబ్రమణియం కూడా నాకు ఇష్టమైన మనిషి. పళ్లచక్రాల తయారీలో పేరు తెచ్చుకుని, 1996లో సింగానల్లూరులో శాంతి సోషల్ సర్వీసెస్ మొదలుపెట్టారు. అక్కడి క్యాంటీనులో నేనెన్నోసార్లు భోజనం చేశాను. శుభ్రమైన హాలు, వేడి అన్నం, బయట హోటలు ధరలో సగం కూడా ఉండదు. లారీ డ్రైవరూ, సూటు వేసుకున్న ఇంజనీరూ ఒకే బల్ల మీద తింటారు. ఫొటోలకూ సభలకూ ఆయన దూరం. 2020 డిసెంబరులో పోయారు.

మంచి మాటలే చెప్పి ఊరుకుంటే అబద్ధం ఆడినట్టు అవుతుంది. ఆ మిల్లుల గోడల వెనుక కార్మికులు పడ్డ కష్టం చిన్నది కాదు. పొడవైన షిఫ్టులు, దూది ధూళితో పాడైన ఊపిరితిత్తులు, సంఘం పెట్టినవాళ్ల మీద దాడులు. అప్పటి కార్మిక పోరాటాల్లోంచి వచ్చిన ఒక హత్యకేసులో చిన్నియంపాళయానికి చెందిన నలుగురు మిల్లు కార్మికులను 1946 జనవరి 8న కోయంబత్తూరు జైలులో ఉరి తీశారు. ఆ నలుగురి పేర్లు రామయ్యన్, రంగణ్ణన్, వెంకటాచలం, చిన్నయ్యన్. ఏటా ఆ రోజున అక్కడ వాళ్లను తలచుకుంటారు. పారిశ్రామికవేత్తల పేర్లు రాసుకునే కాగితం మీదే ఈ నాలుగు పేర్లు కూడా రాసుకోండి.

చూడవలసినవి దాదాపు అన్నీ అవినాశి రోడ్డు మీదే దొరుకుతాయి. జి.డి. నాయుడు మ్యూజియంలో ఆయన చేసిన యంత్రాలు, దాని పక్కనే పాత కార్ల మ్యూజియం ఉన్నాయి. సగం రోజు పెట్టుకోండి. లక్ష్మీ మిల్స్ కూడలిలో పాత మిల్లు స్థలం ఇప్పుడు దుకాణాల సముదాయం అయింది. అక్కడ నిలబడితే మిల్లు ఎంత విశాలంగా ఉండేదో తెలుస్తుంది. కొంచెం ముందుకు పి.ఎస్.జి. ఆవరణ. ఇంకొంచెం ముందుకు వెళ్తే కండక్టరు "హోప్స్, హోప్స్" అని కేకేస్తాడు. ఆర్థర్ హోప్ పేరుతో పెట్టిన కళాశాల అక్కడి నుంచి వెళ్లిపోయి డెబ్భై ఏళ్లు దాటింది, బస్టాపు పేరు మాత్రం మారలేదు. అక్కడ దిగి పెద్ద రోడ్డు వదిలి సందుల్లోకి నడవండి. మధ్యాహ్నం పూట వెళ్తే ఇళ్ల ముందు గదుల్లో లోహాన్ని తిప్పుతూ చెక్కే లేత్ యంత్రం చప్పుడు వినిపిస్తుంది. గడప దగ్గర నిలబడి అడిగితే లోపలికి రమ్మంటారు. లేత్ మీద ఇంపెల్లరు (పంపులో నీళ్లను తోసే చక్రం) చెక్కుతున్నవాణ్ని కదిలించకుండా, చేతిలో పని పూర్తయ్యాక మాట కలపండి.